సూక్ష్మరుణం మళ్లీ గడపలోకి వస్తోంది, మేలుకోవాల్సింది ఇప్పుడే

తెలుగు పల్లెల్లో సూక్ష్మరుణ సంస్థలు మళ్లీ అడుగుపెడుతున్నాయి. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు, ఈ రంగాన్ని కట్టడి చేసిన 2010 నాటి ఉమ్మడి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పాక వాటికి దారి తెరుచుకుంది. పేద ఇంటికి అప్పు అవసరమే, కాదనలేం. కానీ పదిహేనేళ్ల కిందటి కథ మరిచిపోతే ఈసారీ మూల్యం చెల్లించేది ఆ ఇళ్లే.

ఆ కథకు ఉదాహరణ ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్. అది 1990ల చివర్లో మెదక్ జిల్లాలో స్వచ్ఛంద సంస్థగా పుట్టింది. 2005లో లాభార్జన కంపెనీ అయింది. 2010 ఆగస్టులో షేరు మార్కెట్‌కెక్కింది; ఆ ఇష్యూ విలువ 1,600 కోట్ల రూపాయల పైమాటే. రెండు నెలలు తిరక్కుండానే, అప్పులపాలైన మహిళల ఆత్మహత్యల వార్తల నడుమ, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ రంగం మొత్తంపై ఆర్డినెన్సు తెచ్చింది; పైన చెప్పిన చట్టానికి మూలం అదే. వసూళ్లు కుప్పకూలాయి.

చిన్న అప్పుకు ఖర్చెక్కువ, లాభం లేని సంస్థ నిలవదు. ఇంతవరకూ న్యాయమే. పెట్టుబడిదారు ఏటేటా మరిన్ని ఖాతాలు కావాలన్నప్పుడే చేటు మొదలవుతుంది. ఆ అంకె బ్రాంచి మేనేజరుకు టార్గెట్ అవుతుంది, ఫీల్డు ఉద్యోగికి ఇన్సెంటివ్ అవుతుంది. అప్పటికే మూడు అప్పులున్న ఇంటికి అతను నాలుగోది అంటగడతాడు. ఈ అప్పులు మహిళల గ్రూపు పూచీ మీద ఇస్తారు; ఒకామె కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి గనక, ఆమె మీద ఒత్తిడి ఇరుగుపొరుగు నుంచే మొదలవుతుంది. పేదరిక నిర్మూలన మాత్రం వార్షిక నివేదిక అట్ట మీద మిగిలిపోతుంది.

వడ్డీపై గరిష్ఠ పరిమితిని రిజర్వు బ్యాంకు 2022లో ఎత్తేసింది. 2024 అక్టోబరులో అధిక వడ్డీల కారణంగా నాలుగు ఆర్థిక సంస్థలను కొత్త రుణాలివ్వకుండా ఆపాల్సి వచ్చింది. కాబట్టి సేవ పేరు చెప్పుకునే ప్రతి సంస్థా తన లాభానికి హద్దెంతో పెట్టుబడి తీసుకోకముందే బోర్డు తీర్మానంగా రాసి ప్రకటించాలి. కొత్త అప్పులకు ఇన్సెంటివ్ ముడిపెట్టడం వెంటనే మానాలి.

అక్కచెల్లెళ్లారా, మీకు రక్షణగా ఉన్న నిబంధనలు తెలుసుకోండి. అన్ని అప్పుల కిస్తీలూ కలిపి ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. గడువుకు ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదు. వడ్డీ, రుసుములు అన్నీ కలిపిన రేటు రాసిన కాగితం తెలుగులో అడగండి. అది చేతికివ్వకపోతే వేలిముద్ర వేయొద్దు. వేధిస్తే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి.