రేపటి కెమెరా కన్ను – మన రాతి అక్షరాలు

తెలుగు బోధించేవాడు కెమెరాలను గురించి వ్రాయడమేమిటని భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు నవ్వవచ్చు. నవ్వినా సరే, ఈ మాట చెప్పక తప్పని సందర్భమొకటి గత శీతకాలంలో నాకు ఎదురైంది. మా బి.ఏ. విద్యార్థి ఒకడు తన ఊరి పొలిమేరలోని పాత హద్దురాయిని సెల్‌ఫోనుతో చిత్రం తీసి తెచ్చి, "సార్, ఈ అక్షరం 'ధ' కదా?" అని అడిగాడు. తెరమీద చూస్తే నిస్సందేహంగా 'ధ'యే. అక్షరం అడుగున నిలువుగీత నిన్ననే ఉలితో చెక్కినంత స్ఫుటంగా ఉన్నది. ఆదివారంనాడు ఇద్దరమూ కలిసి వెళ్ళి ఆ రాతిని చూశాము. వేలితో తడిమాను. అక్కడ గీత లేదు. ఎండిన పాచి అంచు, దాని ప్రక్కన ఒక సన్నని పగులు మాత్రమే ఉన్నాయి. అది 'ద'. ఫోను ఆ పగులుకు పదునుపెట్టి, పాచిని చదునుచేసి, మాకొక మహాప్రాణాక్షరాన్ని ప్రసాదించింది.

ఒక్క గీతకింత రాద్ధాంతమా అని అడిగేవారికి మన ఉర్దూ విద్యార్థులే సమాధానం చెప్పగలరు. 'ఖుదా' అనే మాటలో పైనున్న చుక్క క్రిందికి దిగితే 'జుదా' అవుతుంది. దేవుడనే అర్థం పోయి ఎడబాటనే అర్థం వస్తుంది.

కళాశాలకొక మంచి కెమెరా కొనాలనే ప్రస్తావన ఇప్పుడు కమిటీవారి ముందున్నది. ఎన్ని ఎక్కువ మెగాపిక్సెళ్ళుంటే అంత మంచిదని విద్యార్థుల వాదం. ఆ వాదంతో నేను ఏకీభవించలేకపోతున్నాను. కారణం తెలియాలంటే కెమెరా లోపలి కన్ను ఎలా పనిచేస్తుందో కొంత తెలుసుకోవాలి.

ఆ కన్నునే సెన్సార్ అంటారు. అదొక సిలికాన్ పలక. దానిమీద లక్షలకొలది, కోట్లకొలది సూక్ష్మమైన గుంటలుంటాయి. వెలుతురు పడినప్పుడు సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడివడి ఆ గుంటలలో చేరుతాయి. పెరట్లో వరుసగా గిన్నెలు పరచి, ఏ గిన్నెలో ఎంత వాన పడినదో కొలవడం వంటిదన్నమాట. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు సి.సి.డి. అనే సాధనాన్ని కనిపెట్టారు. అందులో ఒక గిన్నెలోని నీరు ప్రక్క గిన్నెలోకి, అక్కడినుండి ఆ ప్రక్కదానిలోకి, ఇలా చేతులు మారుతూ వరుస చివరికి చేరి కొలవబడుతుంది. ఈ కృషికి వారికి 2009లో నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు కూర్చిన తొలి డిజిటల్ కెమెరాలో నిలువుకు 100, అడ్డానికి 100, వెరసి పదివేల గుంటలే ఉండేవి. ఒక్క చిత్రాన్ని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ కెమెరాను కన్న కొడాక్ సంస్థయే ఫిల్మును నమ్ముకొని 2012లో దివాలా కోర్టు గడప తొక్కింది. అది వేరే కథ. 1990ల తరువాత ఎరిక్ ఫోసమ్ బృందం అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సార్లు వచ్చాయి. వీటిలో ప్రతి గుంట దగ్గరా దాని కొలతగాడు దానికే ఉంటాడు. నేటి సెల్‌ఫోన్లలో ఉన్నవి ఇవే.

ఇక్కడొక విశేషం గమనించాలి. సిలికాన్‌కు రంగులు తెలియవు. వెలుతురు ఎంత అన్నదే దానికి తెలుసు. అందుచేత ప్రతి నాలుగు గుంటలలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలం వడపోతలు అమరుస్తారు. ఇది బ్రైస్ బేయర్ అనే ఆయన ఉపాయం. 1976లో దానికి పేటెంటు లభించింది. ప్రతి గుంటా ఒక్క రంగునే కొలుస్తుంది, తక్కిన రెండు రంగులను ఇరుగుపొరుగు గుంటలను చూసి లెక్కకట్టవలసిందే. అనగా, అత్యంత నిజాయితీగల కెమెరాలో సైతం రంగుల అంకెలలో మూడింట రెండు వంతులు అంచనాలే. ఈ మేరకు అంచనా తప్పనిసరి. పెళ్ళిళ్ళకు, గండికోట లోయ అంచున నిలబడి తీసుకునే స్వీయచిత్రాలకు దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

ఇక మెగాపిక్సెళ్ళ సంగతి. 2021లో సామ్‌సంగ్ సంస్థ 200 మెగాపిక్సెళ్ళ ఫోను సెన్సార్‌ను ప్రకటించింది. దానిలో ఒక్కొక్క గుంట వెడల్పు 0.64 మైక్రాన్లు. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యమే సుమారు 0.55 మైక్రాన్లు. గిన్నె దాదాపు చినుకంత చిన్నదైతే దానిలో పట్టేది ఏపాటి? అందుకే వెలుతురు తక్కువైనప్పుడు ఆ సెన్సారే పదహారు గుంటలను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ళ చిత్రాన్నిస్తుంది. పెట్టెమీద 200 అని అచ్చువేసి అమ్మేది, చీకటి పడగానే 12 దగ్గరకు వచ్చి నిలుస్తుంది! తక్కిన లోటును ఫోనులోని గణకం పూరిస్తుంది. మా హద్దురాతి మీద గీత పుట్టినది ఆ పూరణలోనే అని నా అభిప్రాయం.

కనుక రాబోయే పురోగతి గుంటల సంఖ్యలో లేదు. కాంతిని కణం కణంగా లెక్కపెట్టడంలో ఉన్నది. ఆ ఫోసమ్ గారే 2005లో ఒక్కొక్క ఫోటాన్‌ను లెక్కించే సెన్సార్‌ను ప్రతిపాదించారు. అదే ఆశయంతో, వేరొక మార్గాన, 2021లో కెనాన్ సంస్థ 32 లక్షల గుంటలు గల సెన్సార్‌ను ప్రకటించింది. ఇటువంటివి చవకబడిన నాడు గుహలలో, గర్భాలయాలలో, మసీదుల చీకటి మూలలలో దీపం వెలిగించకుండానే చిత్రాలు తీయవచ్చు. కాంతి ధ్రువణాన్ని గుర్తించే సెన్సార్లు ఇప్పటికే కర్మాగారాలలో పనిచేస్తున్నాయి. ఉపరితలం ఏ వైపుకు వాలి ఉన్నదో అవి పసిగట్టగలవు. అరిగిపోయిన ఉలిగాటును వెదకేవానికి ఇంతకన్న ఏం కావాలి? మరొకటి, మన దగ్గరున్నా మనం వాడుకోనిది. సిలికాన్ కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా సుమారు 1.1 మైక్రాన్ల వరకు చూడగలదు. రంగులు చెడిపోతాయని తయారీదారులే దానికి అడ్డుగా వడపోతను బిగిస్తారు. దానిని తొలగిస్తే, మరకలతో నల్లబడిన కాగితం మీది మసిసిరా వ్రాత మళ్ళీ పైకి తేలవచ్చు. మసి పరారుణాన్ని మ్రింగివేస్తుంది, అనేక మరకలు మ్రింగలేవు. ఇళ్ళలో పాత ఉర్దూ, ఫార్సీ వ్రాతప్రతులను గుడ్డలో చుట్టి దాచుకున్న కుటుంబాలు మన విద్యార్థులలో ఎన్ని లేవు!

ఈ ప్రసంగమంతా మన జిల్లాకే ఎందుకు ముఖ్యమో చెబుతాను. బండలకు పేరుపడిన జిల్లా మనది. ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాలలో మొట్టమొదటిదిగా పండితులు పలువురు పరిగణించే కలమళ్ళ శాసనం మన ఎర్రగుంట్ల మండలంలోనిది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటిది, సుమారు క్రీ.శ. 575 ప్రాంతానిది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మనం గర్వంగా చూపుకున్న ఆధారాలలో ఇటువంటి రాళ్ళు ముఖ్యమైనవి. ఆ శాసనపాఠాన్ని పుస్తకంలో తెరచి చూడండి. అక్షరాలతోపాటు చుక్కలూ కనిపిస్తాయి. అవి చదవశక్యం కాని చోట్లు. ఆ చుక్కలంటే నాకెంతో గౌరవం. "ఇక్కడ నాకు కనబడలేదు" అని ఒక పండితుడు ఒప్పుకున్న గుర్తులవి. నేటి ఫోను ఆ చుక్కను పెట్టదు. తనకు కనబడని చోట ఏదో ఒకటి గీసి, అందంగా ఉన్నది కదా అంటుంది.

ఇది కేవలం నా భయం కాదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే గణకశాస్త్రజ్ఞుడు, కొన్ని జిరాక్స్ యంత్రాలు పత్రాలను స్కాన్ చేసేటప్పుడు అంకెలను మార్చివేస్తున్నట్లు బయటపెట్టాడు. 6 ఉన్నచోట 8 వచ్చింది. అది మసకగా కాదు, చక్కగా, స్పష్టంగా వచ్చింది. మసకబారిన తప్పును కన్ను అనుమానిస్తుంది. స్పష్టమైన తప్పును నమ్ముతుంది. భూమి దస్తావేజులో అటువంటి 8 పడితే ఏమవుతుందో రాయలసీమవాసులకు నేను వివరించనక్కరలేదు.

కొందరు మిత్రులు, సెన్సార్లు ఇంకా బాగుపడనీయండి, అప్పుడు శాసనాల సంగతి చూద్దామంటారు. సెన్సార్ ఏటేటా బాగుపడుతుంది, రాయి ఏటేటా అరిగిపోతుంది. ఇరవై ఏండ్ల తరువాతి కెమెరా ఎంత గొప్పదైనా, అప్పటికి రాలిపోయిన పెచ్చును చూడలేదు. ఇప్పుడు తీసిన మంచి చిత్రముంటే మాత్రం, అప్పటి విద్వాంసుడు దానిని మరింత నిశితంగా పరిశీలించుకోగలడు. అయితే ఆ చిత్రం గణకం మెరుగుదిద్దినది కారాదు. సెన్సార్ కొలిచిన అంకెలు యథాతథంగా ఉండే 'రా' ఫైలు కావాలి. వండిన కూరలోనుండి వంకాయను తిరిగి తీయలేము.

కమిటీవారికి నా మనవి. 'రా' ఫైళ్ళను భద్రపరచే మధ్యరకపు కెమెరా ఒకటి చాలును. పిక్సెళ్ళు ఇరవై మిలియన్లున్నా కొరత లేదు, గుంటలు పెద్దవిగా ఉండాలి. మిగిలిన సొమ్ముతో గట్టి స్టాండు, రెండు హార్డు డిస్కులు కొనండి. ఒకటి గ్రంథాలయంలో, మరొకటి వేరే కట్టడంలో ఉండాలి. టామ్ మాల్జ్‌బెండర్ అనే పరిశోధకుడు 2001లో ప్రకటించిన పద్ధతి మనకు ఎంతో అనుకూలం. కెమెరాను కదపకుండా, దీపాన్ని మాత్రం రాతిచుట్టూ త్రిప్పుతూ నలభై, యాభై చిత్రాలు తీయాలి. ప్రక్కనొక నల్లని నున్నటి గోళాన్ని ఉంచితే, దానిమీది మెరుపునుబట్టి వెలుతురు ఏ దిక్కునుండి వచ్చిందో తెలుస్తుంది. ఆ పిమ్మట కంప్యూటరు తెరమీద దీపాన్ని మనకు నచ్చిన వైపుకు జరిపి రాతిని చదువుకోవచ్చు. ఇక్కడ కూడా గణితమే పనిచేస్తుంది. కాని అది తీసిన చిత్రాలనుండే లెక్కిస్తుంది, ఎక్కడో నేర్చుకున్న అక్షరాలను తెచ్చి అతికించదు. చిత్రాలతోపాటు తేది, స్థలం, తీసినవారి పేరు వ్రాసి ఉంచడం మన పని. చిత్రం ఎక్కడ పుట్టిందో, దానికేమేమి మార్పులు జరిగాయో దానిలోనే ముద్రవేసే కెమెరాలు 2023 నుండి మార్కెట్టులో ఉన్నాయి, కాని వాటి ధర మనకు అందుబాటులో లేదు.

సంక్రాంతి సెలవుల్లో ఆ హద్దురాయి దగ్గరకు మళ్ళీ పోవాలని ఇద్దరు బి.ఏ. విద్యార్థులు, ఒక బి.ఎస్సీ. విద్యార్థి పేర్లిచ్చారు. సాయంకాలపు ఏటవాలు ఎండలో ఒకసారి, చీకటిపడ్డాక టార్చిలైటుతో మరొకసారి చిత్రాలు తీస్తారు. నల్లగోళానికి బదులుగా పిల్లలాడుకునే పెద్ద గోలీ ఒకటి సంపాదించారు. స్టాండు మాత్రం ఇంకా దొరకలేదు.