పీటీ సార్‌కు విగ్రహం వద్దు, మైదానం కావాలె

పోయిన నెల మా బడి పీటీ సార్ కాలం చేసిండ్రు. ఆ రోజు మా వాడ గ్రూపులో పొద్దుగాల నుంచి రాత్రి దాకా దండం పెట్టే బొమ్మలే. మూడో రోజుకు చందాల లెక్క మొదలైంది. సంఘం హాలు ముందట సార్‌ది ఛాతీ దాకా విగ్రహం పెట్టాలట, గేటుకు ఆయన పేరుతో కమాను కట్టాలట. నేను చందా ఇస్త, కాని విగ్రహానికి ఇయ్య. ఎందుకో ఇక్కడ రాస్తున్న. గ్రూపులో రాస్తే లొల్లి అయితది.

మా సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. మా తాత రజాకార్ల కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి బొంబాయి వచ్చి వర్లీలో ఒక మిల్లులో సాంచాలు నడిపిండు. ఆయనకంటే ఎంతో ముందు నుంచే మనవాళ్లు ఇక్కడ ఉన్నరు. కామాటిపురకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీల వల్ల. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డయి. కొందరు భివండి పోయిండ్రు, కొందరు సూరత్ పోయిండ్రు, మేం చాల్‌లోనే ఉండిపోయినం.

తాతకు సినిమాల పిచ్చి లేదు, తాగుడు లేదు. ఉన్నదల్లా ఒక్కటే, కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు ఆ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. ఊళ్లె పోలీసు కనబడితే దర్వాజ పెట్టుకున్న మనిషి, ఇక్కడ "మన పోలీసులు" గెలవాలని ఎల్లమ్మకు మొక్కేటోడు. పరాయి ఊర్లో బతికేటోళ్లకే ఆ తిక్క అర్థమైతది.

ఆ జట్టును తయారుచేసిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో 'మైదాన్' సినిమా వచ్చినంక మా పిల్లలకు కూడా ఆ పేరు తెలిసింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం, అన్నీ ఆయన శిక్షణలోనే. నడుమ 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిన జట్టూ ఆయనదే. అప్పుడు మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిండ్రు. దాన్ని ఎవరూ పోస్టర్ మీద వెయ్యరు గాని, నాకు ఆ ఓటమి ముఖ్యం. పదేండ్లలో అక్కడి నుంచి జకార్తా దాకా తీసుకపోయిన మనిషి ఎవరు అని అడగాలె.

ఎవరంటే, బడి పంతులు. ఉస్మానియాలో బి.ఏ. చదివి కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్లలో పాఠాలు చెప్పిండు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసిండు. సినిమాలో కోచ్ కనబడతడు, పంతులు అంతగా కనబడడు. ఆయన పద్ధతులు చూస్తే పంతులే ఎక్కువ అనిపిస్తది నాకు. బంతిని కాలి దగ్గర ఆపుకుని విన్యాసాలు చేయకుండా వెంటనే అందించాలనే నియమంతో పోటీలు పెట్టిండు. బలం లేని కాలితోనే ఆడే పోటీలు పెట్టిండు. లెక్కలు బాగా వచ్చిన పిల్లగాన్ని ఇంగ్లిషు పరీక్షకు కూర్చోబెట్టినట్టు! 1962 ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించిండు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి అతనిదే. ఏ పిల్లగాడికి ఇంకేం చేతనైతదో ఎరిగిన పంతులుకే అంత ధైర్యం ఉంటది.

ఏడాది తిరగలేదు, 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయిండు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రానే లేదు. అదంతా ఒక్క మనిషి లేకపోవడం వల్లనే అంటే అన్యాయం అయితది. కాని మనిషిని పొగిడి, ఆయన నేర్పిన తీరును వదిలేస్తే ఏమైతదో మాత్రం మనకు తెలిసినట్టే.

మా సార్ పేరు మా నాలుగు గల్లీలు దాటి ఎవరికీ తెలవదు. ఆయన ఆడించిన పిల్లలు ఏ దేశానికీ ఆడలేదు. కాని "ఇవాళ ఎడమ కాలు ఆట" అని బోర్డు మీద రాసి పెట్టేటోడు. ఇది రహీం సాబ్ సొమ్ము, నాది కాదు అని ఆయనే చెప్పేటోడు. ఇంకో నియమం మాత్రం అచ్చంగా ఆయనదే. మైదానంలో అరుపులన్నీ తెలుగులోనే ఉండాలె. భాషాభిమానం అని కాదు. ఎదుటి జట్టు పిల్లలకు హిందీ, మరాఠీ తెలుసు, తెలుగు తెలవదు, అంతే. "వెనక మనిషి", "వదిలెయ్", "నా దిక్కు కొట్టు", "ఉరుకురా పోరగా" అని మేం ఒర్రుతుంటే వాళ్లు మా మొకాలు చూసేటోళ్లు. ఇంట్లో తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెప్పే పిల్లలు కూడా బంతి కోసం తెలుగు నేర్చుకున్నరు. మా వాడలో ఉగాది సభలతో, పద్యాల పోటీలతో కాని పని అట్లయింది.

ఆయన దేవుడేం కాదు. గ్రూపులో రాసినట్టు శాంతమూర్తి అసలే కాదు. ఆడపిల్లలు మైదానంలోకి వద్దని చాలా ఏండ్లు పట్టుబట్టిండు. మా అక్క, ఇంకో నలుగురు పిల్లలు గీత అవతల నిలబడి, బయటికి వచ్చిన బంతినల్లా ఎడమ కాలుతో లోపలికి తన్నేటోళ్లు. ఒక వర్షాకాలం మొత్తం చూసి, "నిలబడే బదులు ఉరకుండ్రి" అన్నడు. నేను ఆడింది ఆ తర్వాత జట్టులో. ఈ ముచ్చట రాయకుండా వట్టి దండలేస్తే ఆయన ఎవరో మా బిడ్డకు ఎట్ల తెలుస్తది?

విగ్రహం ఉంటే పిల్లలు "ఈయనెవరు" అని అడుగుతరు కదా అని మా పెద్దవదిన అంటది. అది కొట్టేసే మాట కాదు. విగ్రహాలు కొన్ని కథలను బతికించినయి. కాని ఆ ప్రశ్నకు మన వాడలో జవాబు చెప్పేటోళ్లు ఎంతమంది మిగిలిండ్రు? పైగా సార్ మంచం పట్టినప్పటి నుంచి మైదానంలో సగం బండ్లు నిలుపుతున్నరు. మిగిలిన సగంలో పిల్లలు ఆడుతరు, కాని చెప్పేటోడు లేడు. అరుపులు హిందీలోకి మారినయి. పోయిన ఆదివారం నిలబడి విన్న.

అందుకే నా లెక్క ఇది. సాయంత్రం రెండు గంటలు మైదానం ఖాళీగా ఉండేట్టు సంఘం అర్జీ పెట్టాలె. వారానికి నాలుగు రోజులు పిల్లలను ఆడించేందుకు సార్ దగ్గర ఆడినోళ్లలో ఒకరికి జీతం ఇయ్యాలె. ఉత్తగ సేవ అంటే మూడు నెలలకు మానేస్తరు, అది మనకు కొత్త కాదు. బంతులు, బూట్లు చందాలోంచి కొనాలె. సార్ ఆడించిన ఆటలన్నీ ఒక నోటు పుస్తకంలో ఎక్కించాలె. నాకు పదకొండు యాదికున్నయి, అక్కకు ఇంకో నాలుగు. మీకు గుర్తున్నవి, మీ అరుపులతో సహా, రాసి పంపుండ్రి. డబ్బులు మిగిలితే కమాను సంగతి అప్పుడు చూద్దాం.

అప్పటిదాకా ప్రతి ఆదివారం పొద్దున ఆరున్నరకు నేను, అక్క మైదానంలో ఉంటం. ఈ వారం ఎడమ కాలు ఆట. బండ్లు జరపనీకి మనుషులు కావాలె, కొంచెం ముందుగాల రాండ్రి.