వెబ్‌సైట్లలో సమాచారం ఎవరి క్రమంలో ఉండాలి?

రికార్డు గదిలో వేల దస్త్రాలున్నా, ఇండెక్సు రిజిస్టరు సక్రమంగా ఉంటే కావలసిన కాగితం దొరుకుతుంది. అది లేనిచోట దస్త్రం ఉన్నా లేనట్లే. నేటి వెబ్‌సైట్లకూ ఇదే వర్తిస్తుంది. సమాచారాన్ని పెట్టడం ఒక పని. వెదికేవారికి అందేలా అమర్చడం మరొక పని. ఈ రెండవ పనిపై ప్రభుత్వ శాఖలకు శ్రద్ధ చాలడం లేదన్నది మా అభిప్రాయం.

తెలంగాణలో 2014 అక్టోబరు 2న మొదలైన షాదీ ముబారక్ పథకాన్నే చూడండి. ఆడపిల్ల పెళ్లి సాయానికి దరఖాస్తు చేయవలసినది ఈ-పాస్ వెబ్‌సైటులో. ప్రధానంగా అది విద్యార్థుల ఉపకార వేతనాల వేదిక. కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాలకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ వేరుగా ఉన్నది. ఈ అమరిక కార్యాలయాల సౌలభ్యాన్ని అనుసరించినదే గాని, కుటుంబాల అవసరాన్ని అనుసరించినది కాదు. ఏది ఎక్కడున్నదో ముందే తెలిసినవారికే దారి కనిపిస్తుంది. తెలియనివారు మధ్యవర్తులను ఆశ్రయిస్తారు. గడువు దాటితే నష్టపోయేదీ వారే.

నిజానికి మనం కోరుతున్నది కొత్త హక్కు కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం రికార్డులను జాబితాలతో, సూచికలతో క్రమబద్ధం చేయాలి. 17 అంశాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. సబ్సిడీ పథకాల అమలు తీరు, లబ్ధిదారుల వివరాలు అందులో ఒకటి. సమాచారాన్ని అందించేటప్పుడు స్థానిక భాషను పరిగణించాలని కూడా ఆ సెక్షనే చెబుతున్నది. ఉర్దూ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ రెండవ అధికార భాష. కనుక తెలుగు, ఉర్దూ పుటలు కోరడం అడియాస కాదు.

చదువు, వివాహం, ఉపాధి, వక్ఫు అంటూ అవసరాల వారీగా శీర్షికలుండాలి. ప్రతి పథకం కింద అర్హత, జతపరచవలసిన పత్రాలు, గడువు, బాధ్యుడైన అధికారి హోదా ఒకేచోట కనిపించాలి. పుటను చివరిసారి సవరించిన తేదీ ఉండాలి. రద్దయిన ఉత్తర్వుపై ఆ మాట స్పష్టంగా వ్రాయాలి.

మన సంఘాలూ, మసీదు కమిటీలూ తమ వెబ్‌సైట్లలో ముందుగా ఈ క్రమాన్ని పాటించాలి. ఆపై తమ జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయం ఆ 17 అంశాలను ప్రకటించినదో లేదో పరిశీలించి, లోపాలను వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. దొరకని సమాచారంతో దక్కవలసిన హక్కు కూడా చేజారిపోతుందని మనం మరువరాదు.