సీసా ముందు ఓట్స్, మరి సీసా వెనక?

ఈమధ్య మా కీసర చౌరస్తా మందుల షాపులో చూసినా, ఈసీఐఎల్ వైపు సూపర్ మార్కెట్లలో చూసినా మొహం కడుక్కునే సీసాల మీద ఓట్స్ కంకులే. లేత గోధుమ రంగు సీసా, పక్కన పాలగిన్నె బొమ్మ, కింద "జెంటిల్" అనే మాట. చంటిపిల్లకైనా వాడొచ్చు అనిపించేలా ఉంటాయి. నేనేం ఓట్స్‌కి వ్యతిరేకిని కాదు. నేననేది ఒక్కటే. ఆ సీసాలో మన మొహాన్ని కడిగేది ఓట్స్ కాదు. కడిగే సరుకు వేరే ఉంది, దాని పేరు సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కొనేముందు చదవాల్సింది అదీ.

ఇదంతా ఎందుకు పట్టించుకున్నానంటే, మా ఆడపడుచు కూతురికి పద్నాలుగేళ్లు. చలికాలం మొదలైనప్పటి నుంచి చెంపలు పొడిబారి పొట్టు లేస్తోంది, దురద. చుట్టాల పెళ్లిలో ఫోటో దిగమంటే పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుంది. దాంతో ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా అత్తమ్మ "సున్నిపిండి పెట్టి గట్టిగ రుద్దుర్రి, గా పొట్టంత పోతది, రంగు గూడ తేల్తది" అంది. మా తోటికోడలు 350 రూపాయలు పెట్టి ఓట్స్ క్లెన్సర్ తెచ్చింది. పిండిలో ఏముందో, సీసాలో ఏముందో ఎవరూ చూడలేదు. వాదన మాత్రం రెండు రోజులు నడిచింది.

ఓట్స్‌లో గుణం లేదని కాదు. మెత్తగా పొడిచేసి, నీళ్లలో కలిపితే అడుక్కి దిగకుండా తేలుతూ ఉండేలా చేసిన పిండిని కొల్లాయిడల్ ఓట్‌మీల్ అంటారు. అందులోని పిండి పదార్థం, బీటా గ్లూకాన్ చర్మం మీద పల్చటి పొరలా నిలిచి తేమను పట్టి ఉంచుతాయి. అవెనాంత్రమైడ్లు అనేవి దురదనీ ఎరుపునీ తగ్గిస్తాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2003లో దీన్ని చర్మాన్ని కాపాడే పదార్థంగా గుర్తించింది. అవీనో అనే కంపెనీ 1945 నుంచీ ఓట్స్ మీదే నడుస్తోంది, పేరు కూడా ఓట్స్ మొక్క శాస్త్రీయ నామం అవెనా సటైవా నుంచి వచ్చిందే.

ఆ ఎఫ్‌డీఏ లెక్కలో ఓట్స్ కనీసం 0.007 శాతం ఉంటే చాలు. "మరింకేం, చిటికెడు చాలుగా" అంటారేమో. అంత తక్కువ సరిపోయేది తొట్టి నీళ్లలో కలుపుకుని పావుగంట నుంచి అరగంట నానినప్పుడు. మనం ఫేస్ వాష్ రుద్దుకుని ఎంతసేపు ఉంచుకుంటాం? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదాన్నైతే నేను ఇరవై లెక్కపెట్టే లోపే కడిగేస్తాను. ఓట్స్ మేలు కావాలంటే, కడిగాక రాసుకుని వదిలేసే క్రీములో ఉంటే ఎక్కువ ఉపయోగం. కడిగి పారబోసే దానిలో ఉన్న ఓట్స్ చాలావరకు సింకులోకే పోతుంది.

ఇక సీసా వెనక సంగతి. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, 1 శాతం కంటే ఎక్కువున్న వాటిని పరిమాణం తగ్గే వరసలో రాయాలి. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవి ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. మొదట ఆక్వా అని ఉంటుంది, అంటే నీళ్లే. ఇప్పుడు ఫినాక్సీఎథనాల్ అనే పేరు వెతకండి, చాలా సీసాల్లో ఉంటుంది. అది పాడవకుండా కాపాడే పదార్థం, యూరప్ నిబంధనల్లో 1 శాతం దాటకూడదు. అవెనా సటైవా అన్న మాట దాని తర్వాత వచ్చిందంటే, బొమ్మ ఎంత పెద్దదైనా లోపల ఓట్స్ 1 శాతం లోపే అన్నమాట. మా తోటికోడలు తెచ్చిన సీసాలో కింద నుంచి మూడోది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

అసలు చూడాల్సింది పైనున్న నాలుగైదు పేర్లు. కడిగేవి అవే, జిడ్డుని పట్టి నీళ్లతో లాక్కెళ్లేవి. మన కుంకుడుకాయలో సాపోనిన్లు చేసే పనీ ఇదే. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, సహజమైనదంతా సున్నితం కాదు. సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిది, పొడి చర్మాన్ని ఇంకా పొడిబారుస్తుంది. సోడియం లారెత్ సల్ఫేట్ పేరు దగ్గరగా ఉన్నా దానికంటే కాస్త నయం. డెసిల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ ఇంకా నెమ్మదైనవి. కోకామిడోప్రోపిల్ బీటైన్ కూడా నెమ్మదైనదే, కాకపోతే కొందరికి పడదు. 2004లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. గ్లిజరిన్ పై వరసలోనే ఉంటే మంచి గుర్తు. పర్ఫ్యూమ్ అనే మాట కనబడితే దురదున్న పిల్లకి నేనైతే ఆ సీసా కొనను. ఓట్స్‌కి అంత కమ్మటి వాసన ఎక్కడిది? వంటింట్లో డబ్బా తెరిచి చూడండి, పిండి వాసన తప్ప ఏమీ రాదు.

"ప్రిజర్వేటివ్ ఉంటే విషం" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నాకు నచ్చవు. ఓట్స్ నానబెట్టిన నీళ్లు గట్టు మీద మర్చిపోండి, మర్నాటికి పులిసి కంపు కొడతాయి. నీళ్లున్న సీసా బాత్రూంలో నెలల తరబడి ఉండాలంటే ఏదో ఒకటి కలపక తప్పదు. ఏది కలిపారన్నదే ప్రశ్న. మిథైల్‌ఐసోథయాజోలినోన్ అని ఉంటే మాత్రం పక్కన పెట్టేయండి, అది చాలామందికి అలర్జీ తెస్తుంది.

మరి అత్తమ్మ సున్నిపిండి? మామూలు చర్మానికి, మెత్తగా జల్లించి, పండక్కి ఒకరోజు నలుగు పెట్టుకుంటే నాకూ ఇష్టమే. పొట్టు లేచిన చెంప మీద పెసర రవ్వ వేసి రుద్దడం వేరు. పగిలి పుండైన చర్మం మీద తినే పిండి ఏదైనా సరే, శనగపిండైనా, మిక్సీలో తిప్పిన ఓట్సైనా, పదేపదే రాస్తే దానికే అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది. రంగు తేలడం అన్న మాట గురించి ఇక్కడ ఎక్కువ రాయను. పద్నాలుగేళ్ల పిల్ల దురదని అడ్డం పెట్టుకుని రంగు గురించి మాట్లాడొద్దని మా అత్తమ్మకి మెల్లగానే చెప్పాను.

మా వైపు ఇంకో చిక్కుంది, నీళ్లు. మా బోరు నీళ్లకి గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది. అలాంటి నీళ్లలో మామూలు సబ్బు కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డిలా చర్మానికి అంటుకుంటుంది. పైగా సబ్బుకి క్షారగుణం, పీహెచ్ 9, 10 ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. అందుకే కీసర లాంటి చోట సబ్బు కాని క్లెన్సర్ కొనడం దండగ కాదంటాను. దానికి ఓట్స్ బొమ్మ ఉందా లేదా అన్నది నాకు పట్టదు.

చివరికి పిల్లని చర్మం డాక్టరుకి చూపించారు. వాసన లేని, బొమ్మ లేని ఒక తెల్ల సీసా రాశారు, 350 కంటే తక్కువే. గోరువెచ్చని నీళ్లతో రోజుకి రెండుసార్లు, రుద్దకుండా. తుడుచుకోగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్. కొత్తది ఏది తెచ్చినా ముందు మోచేతి మడతలో వారం రోజులు రాసి చూడమన్నారు. మా తోటికోడలు తెచ్చిన సీసా ఆవిడే వాడుకుంటోంది, ఆవిడ చర్మానికి ఏమీ కాలేదు. పర్ఫ్యూమ్ బాగుందట.