దేహపుష్టియు, దుకాణపు డబ్బాయు

మన సహకార సంఘపు విక్రయశాలయందు ఎరువులు, విత్తనములు, పప్పుదినుసులతో పాటు, దేహపుష్టి నిచ్చునని చెప్పబడుచున్న చూర్ణముల డబ్బాలను గూడ నిలువ యుంచవలెనని కొందరు సభ్యులు వ్రాతమూలమున కోరియున్నారు. ఈ విషయము రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చకు రానున్నది. కోరినవారు మాకు పరాయివారు కారు. వారి కోరికలో దురుద్దేశ మేమియు లేదు. నలువది యేండ్లు దాటగనే మోకాళ్లు పట్టుట, నాలుగు మెట్లెక్కిన ఆయాసము వచ్చుట, ఒకనికి చక్కెరవ్యాధి, వేరొకనికి రక్తపుపోటు. ఇవి పట్టణవాసుల రోగములని మొన్నటివరకు మనము నవ్వుకొనెడివారము. ఇప్పుడవి మన అరుగులమీదికే వచ్చి కూర్చున్నవి. కావున ఏదేని యొకటి చేయవలెనను ఆతురత సహజమే. ఐనను ఆ డబ్బాలను తెప్పించుటకు మేము సమ్మతింపజాలము.

రైతునకు వేరే వ్యాయామమేల యని అడుగువారు కలరు. నాగలి పట్టి దున్నిన దినములలో ఈ ప్రశ్న సమంజసమే. ఇప్పుడు దున్నుటకు ట్రాక్టరు, కోయుటకు కోతయంత్రము, మందు చల్లుటకు డ్రోను వచ్చినవి. చేతిలోని ఫోను నొక్కినచో చేనిలోని మోటారు తిరుగుచున్నది. చేను చూచి వచ్చుటకు మోటారు సైకిలు ఉండనే యున్నది. ఇవి వలదని మేము చెప్పము. వెన్ను విరుగు చాకిరిని తప్పించినందులకు యంత్రమునకు నమస్కరింపవలసినదే. కాని పని తగ్గినను కంచములోని అన్నపు రాశి తగ్గలేదు. తండ్రి దున్ని వచ్చి తినిన యన్నమునే కుమారుడు ట్రాక్టరు దిగి వచ్చి తినుచున్నాడు.

1953 వ సంవత్సరమున జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని గూర్చిన పరిశోధన నొకదానిని ప్రకటించిరి. దినమెల్ల కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, టిక్కెట్ల కొరకు వందలాది మెట్లు ఎక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా నుండెను. కండక్టర్లు ఉద్యోగమున చేరునప్పటికే సన్ననివారను ఆక్షేపణ పిమ్మట వచ్చిన మాట నిజమే. ఐనను తరువాత జరిగిన పరిశోధనలు అనేకములు శరీరశ్రమ గుండెకు మేలు చేయునను విషయమునే బలపరచినవి. మన ట్రాక్టరు పీఠమును ఆ డ్రైవరు పీఠముతో పోల్చి చూచుకొనుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 లో చెప్పినది, పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల చురుకైన నడకవంటి శ్రమయు, రెండు దినములు కండరములకు బలమిచ్చు పనియు. చేనికి బండిమీద గాక కాలినడకను పోయి వచ్చినచో మొదటిది తీరును. గట్లు చెక్కుట, మట్టితట్ట మోయుట, పని లేని మాసములలో గుంజీలు తీయుట రెండవదానికి చాలును. దీనికి చందా లేదు, ఉపకరణములు లేవు. ప్రతిదినము చేయవలసివచ్చుటయే దీనియందలి కష్టము.

ఇక తిండి సంగతి. ఈ విషయమున మన డెల్టాకు పాత అనుభవ మొకటి కలదు. మరపట్టిన తెల్లని పచ్చిబియ్యమునకు అలవాటుపడి, దానిని పలుమార్లు కడిగి, గంజి వార్చి తినిన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. ఉప్పుడు బియ్యము తినువారి ప్రాంతములలో అది అరుదు. తవుడుతో పాటు బి1 విటమిను పోవుటయే కారణమని తేలినది. కూనూరులోని పోషణ పరిశోధనాలయమున అక్రాయిడ్ మొదలగువారు ఈ బియ్యపు సమస్యను శ్రద్ధతో పరిశీలించిరి. ఆ సంస్థయే పిమ్మట హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. 2024 లో ఆ సంస్థవారు ప్రకటించిన ఆహార సూత్రములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది 45 శాతమునకు మించరాదనియు, కండపుష్టికై మాంసకృత్తుల చూర్ణములను వాడవద్దనియు చెప్పియున్నారు. నూరు గ్రాముల కందిపప్పునందు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులున్నవి. అంతే రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువున్నది. ఆ చూర్ణపు పెద్దడబ్బా యొక్కదాని వెలకు చిన్న కుటుంబమునకు నెలకు చాలిన కందిపప్పు వచ్చును. కందులను పండించి అమ్మి, ఆ సొమ్ముతో డబ్బాను కొనుట మనకే చెల్లినది.

పైరునకు బలమిచ్చు టానిక్కులని చెప్పి అమ్మెడి సీసాలను మన సభ్యులలో పలువురు కొనియే యుందురు. మేమును కొంటిమి. ఒక యేడు కలుపు తీయుట ఆలస్యము చేసి, సీసా మీద భారము వేసితిమి. సీసా ఖాళీయైనది, కలుపు పెరిగినది. ఆ వ్యాపారి పేరిక్కడ అనవసరము, తప్పు మాదియే.

ఒక మాటను మాత్రము ఇచ్చట వేరుగా చెప్పవలసియున్నది. నడువుడని మేము చెప్పినది కూర్చుండి సేద్యము చేయించువారికి. వంగి నాట్లు వేసి, ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి, అందరును తినిన పిమ్మట మిగిలిన యన్నమును పచ్చడితో తినెడి స్త్రీకి నడక బోధించుట పరిహాసము. ఆమెకు కావలసినది కంచములో పప్పు, ఆకుకూర, వీలైన గ్రుడ్డు, రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర. మన గ్రామములలో రక్తహీనత ఆమెకే ఎక్కువ. ఇంటిలో ముందు ఎవరికి వడ్డించుచున్నారను ప్రశ్న కూడ ఆరోగ్యమునకు సంబంధించినదే.

ఉప్పు దినమునకు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఆవకాయను మానుడని చెప్పు ధైర్యము మాకు లేదు. ముద్ద ముద్దకును వలదనుచున్నాము. పొగాకు, సారాయిలను గూర్చి తెలియనివారు లేరు. రక్తపుపోటు పైకి కనబడక లోలోన హాని చేయును గనుక, ముప్పది దాటినవారు గ్రామ ఆరోగ్య కేంద్రమున దానిని, చక్కెరను పరీక్షింపించుకొనవలెను, అచ్చట ఉచితమే. ఇదివరకే మాత్రలు వాడుచున్నవారు మా వ్యాసమును చూచి వానిని మానరాదు.

కావున సమావేశమున మేము ప్రతిపాదింపబోవునది ఇది: డబ్బాలకు ఉద్దేశించిన బీరువా గడిలో దంపుడు బియ్యము, రాగులు, కందిపప్పు, వేరుసెనగపప్పు ఉంచవలెను, ఆ పెట్టుబడిలో మిగిలినదానితో రక్తపుపోటు చూచు యంత్ర మొకటి కొని కార్యాలయమున పెట్టవలెను. భిన్నాభిప్రాయము గల సభ్యులు తప్పక వచ్చి వాదింపవచ్చును. సభాస్థలమునకు నడచి వచ్చినవారికి మజ్జిగ సిద్ధముగా నుండును. బండిమీద వచ్చినవారికిని ఇచ్చెదము గాని, ఉప్పు తక్కువగా వేయుదుము.