పిల్లల పెంపకంలో తండ్రి వంతు

హైదరాబాద్ శివారు సూరారం కాలనీలో ఆలుమగలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. జీడిమెట్ల పారిశ్రామికవాడ దగ్గర్లోనే ఉంది. భర్త ఒక కంపెనీలో మెషిన్ మీద, భార్య ఇంకో కంపెనీలో ప్యాకింగ్‌లో పనిచేస్తే తప్ప అద్దె, ఫీజులు గడవవు. చంటిబిడ్డ పుట్టాక ఆ ఇల్లు నడిచేది మూడో మనిషి ఆసరాతో. ఆ మనిషి సాధారణంగా అమ్మమ్మో నానమ్మో, ఎవరూ లేకపోతే పక్కింటామె. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం మొదలయ్యాక, నర్సాపూర్ వైపు ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఛార్జీలు చూసుకోకుండా గండిమైసమ్మ మీదుగా సూరారం వచ్చేస్తుంది. ఆమెకు జ్వరమొస్తే పని మానేది బిడ్డ తల్లే. అంటే ఇంటి బాధ్యతను పంచుకుంటూనే ఉన్నారు, అయితే ఆడవాళ్లు ఆడవాళ్లే పంచుకుంటున్నారు.

దీనికి మొగవాళ్ల మనసును మాత్రమే తప్పుపడితే సగం విషయం మరుగున పడుతుంది. భార్య కూలి తక్కువ కాబట్టి ఆమె నాగా పెడితేనే నష్టం తక్కువ అని ఇంట్లో లెక్క వేస్తారు. నాగాలు ఎక్కువయ్యే కొద్దీ ఆమె జీతం పెరగదు, పర్మినెంటూ కాదు. మరుసటి ఏడాది కూడా అదే లెక్క నిలుస్తుంది. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు.

చట్టాలూ ఈ లెక్కనే రాసిపెట్టాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లల కోసం క్రెష్ ఉండాలంది. ఎంతమంది మగ కార్మికులకు పిల్లలున్నా వాళ్లు ఆ లెక్కలోకి రాలేదు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి, సెలవును 26 వారాలకు పెంచి, 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ తప్పనిసరి చేశారు. అక్కడా రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి వచ్చే హక్కు తల్లికే ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి చట్టప్రకారం ఒక్క రోజూ లేదు. అంగన్‌వాడీ మూడేళ్లలోపు బిడ్డకు బాలామృతం ప్యాకెట్ ఇస్తుంది గానీ షిఫ్టు అయ్యేదాకా బిడ్డను చూసుకోదు.

చట్టం మారితే ఈ లెక్క ఎలా మారుతుందో డెన్మార్క్‌లో చూడొచ్చు. అక్కడా 2022 ఆగస్టు దాకా తండ్రికంటూ విడిగా దక్కింది 2 వారాలే. మిగతా సెలవును దంపతులే పంచుకోవాలి, అందులో ఎక్కువ భాగం తల్లే తీసుకునేది. ఐరోపా సమాఖ్య 2019లో ఇచ్చిన ఆదేశంతో చట్టం మారింది. ఇప్పుడు ప్రసవం తర్వాత తల్లికి 24 వారాలు, తండ్రికి 24 వారాలు. ఉద్యోగస్తుల విషయంలో అందులో 11 వారాలు ఎవరివి వారివే. తండ్రి వాడుకోకపోతే అవి తల్లికి చెందవు, మురిగిపోతాయి. ఈ నిబంధనే అసలైన మేలు చేస్తుంది. సెలవడిగిన తండ్రి సూపర్‌వైజర్‌కు సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు, ఇంట్లో పెద్దల చేత మాట పడనక్కర్లేదు. బిడ్డకు 26 వారాలు నిండాక పురపాలక సంస్థ శిశు కేంద్రంలో చోటు చూపించి తీరాలి, ఖర్చులో తల్లిదండ్రుల వాటా నాలుగో వంతు దాటకూడదు. పని వారానికి 37 గంటలే కాబట్టి పొద్దున ఒకరు దింపితే సాయంత్రం ఇంకొకరు తెచ్చుకోగలుగుతారు. మన చట్టం వారానికి 48 గంటల దాకా ఒప్పుకుంటుంది, దానిమీద ఓటీ వేరే.

జీడిమెట్లలోని చిన్న యూనిట్లలో 50 మంది ఉండరు కాబట్టి క్రెష్ నిబంధన వాటి గడప తొక్కదు. అయితే కొన్ని సంస్థలు కలిసి ఒకే క్రెష్ నడుపుకోవచ్చని చట్టంలోనే ఉంది. సూరారం వైపు అలాంటిది ఒకటి షిఫ్టు వేళలకు తగ్గట్టు తెరిచి, బిడ్డను చూసి వచ్చే వెసులుబాటు తండ్రికీ రాసివ్వడానికి కొత్త చట్టం కోసం ఆగనక్కర్లేదు. తండ్రికి జీతంతో కూడిన సెలవు కావాలంటే మాత్రం పార్లమెంటే కదలాలి.