పంచుకున్న గాలే కొలమానం

అమెరికాలోని టెక్సాస్ వైద్యుల సంఘం 2020 జూలైలో ఒక పట్టిక విడుదల చేసింది. కొవిడ్ వేళ ఏ పని ఎంత ప్రమాదమో చెబుతూ 1 నుంచి 10 వరకూ అంకెలు వేసింది. ఇంటికొచ్చిన ఉత్తరం విప్పితే 1, హోటల్ లోపల కూర్చుని తింటే 7, బార్‌కు వెళ్తే 9. దిక్కుతోచని రోజుల్లో ఒక ఆధారం దొరికినట్లయి జనం దాన్ని విస్తృతంగా పంచుకున్నారు. అయితే సముద్రపు ఒడ్డుకు వెళ్లడానికీ, వేరేవారి ఇంట్లో విందుకు వెళ్లడానికీ అందులో ఒకటే అంకె: 5. ఒకచోట ఆరుబయటి గాలి. మరోచోట నాలుగు గోడల మధ్య మాస్కు తీసి గంటలతరబడి కబుర్లు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడంలోనే ఆ పద్ధతి లోపం బయటపడుతుంది. ఎదుటివారు వదిలిన గాలి మనకు ఎంత చిక్కగా, ఎంతసేపు చేరుతోందన్నదే ముప్పును నిర్ణయిస్తుంది. ఊపిరి ద్వారా పాకే వ్యాధి మళ్లీ వస్తే, నిషేధాల జాబితా కన్నా ముందు ఈ కొలమానం జనానికి అందాలి.

ఆధారాలు కొవిడ్ తొలి నెలల్లోనే దొరికాయి. 2020 మార్చి 10న వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ కౌంటీలో ఒక బృందగాన సాధన రెండున్నర గంటలు సాగింది. హాజరైన 61 మందిలో, పరీక్షలో తేలినవారూ లక్షణాలను బట్టి లెక్కించినవారూ కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు. పాడేటప్పుడు నోటి నుంచి వెలువడే సూక్ష్మ తుంపరలు మౌనంగా ఉన్నప్పటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంతకుముందు జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో, కిటికీలు లేని ఏసీ హోటల్లో పక్కపక్క బల్లల వద్ద భోంచేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి వైరస్ సోకింది, వడ్డించినవారికి సోకలేదు. మన దగ్గరి లెక్కలూ ఇదే చెబుతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో దాదాపు 85 వేల మంది రోగులను, వారిని కలిసిన 5.75 లక్షల మందిని పరిశీలించిన అధ్యయనం 2020లోనే ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. పరీక్షించిన సన్నిహితుల్లో ఒక్కరికీ అంటించని రోగులు సుమారు 71 శాతం. బయటి పరిచయాల్లో వ్యాప్తి 2.6 శాతమైతే, ఇంట్లో 9 శాతం. ఒకే వాహనంలో రోగికి దగ్గరగా ఆరు గంటలు, ఆపైన ప్రయాణించినవారికి ముప్పు అన్నిటికన్నా ఎక్కువ. అంటే వ్యాధి అందరి నుంచీ సమానంగా పాకలేదు. మూసిన చోటు, దగ్గరితనం, ఎక్కువసేపు గడపడం కలిసినచోట విజృంభించింది.

మన జాగ్రత్తలు మాత్రం వేరే దారి పట్టాయి. పార్కులకు తాళాలు పడ్డాయి. కూరగాయల్ని సబ్బునీళ్లలో కడిగాం, కాగితం మీద వైరస్ ఉంటుందేమోనన్న భయంతో దినపత్రికలు మాన్పించాం. మనుషుల మీద రసాయనాలు చల్లే సొరంగాలు వెలిస్తే, అలా చల్లవద్దని కేంద్ర ఆరోగ్యశాఖే 2020 ఏప్రిల్‌లో చెప్పాల్సి వచ్చింది. వైరస్ అంటిన ఉపరితలాన్ని ఒకసారి తాకితే వ్యాధి సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో తేల్చింది. ఈలోగా మనం గడప దగ్గర శానిటైజర్ పెట్టి, లోపల తలుపులు బిగించి ఏసీ వేసుకున్నాం. మనిషి ఓపికకు హద్దుంది. దాన్ని అక్కరలేనిచోట ఖర్చుచేస్తే అవసరమైనచోట మిగలదు.

అప్పటికి ఏమీ తెలియదు కదా, అతి జాగ్రత్త తప్పా అని అడగవచ్చు. మొదటి వారాల వరకూ ఆ వాదన నిలుస్తుంది. కానీ మూసిన చోట్లు, గుంపులు, దగ్గరి మాటామంతీ, ఈ మూడూ వద్దని జపాన్ 2020 ఆరంభంలోనే తన ప్రజలకు చెప్పింది. గాలి ద్వారా వ్యాప్తిని గుర్తించాలని 239 మంది శాస్త్రజ్ఞులు ఆ జూలైలోనే బహిరంగంగా కోరారు. పైగా ఏమీ తెలియనప్పుడు ముందుగా చేయాల్సింది నష్టం లేని పని. కిటికీ తీయడానికి ఖర్చు లేదు. పార్కు మూస్తే కలిసేవాళ్లు ఇంటి లోపలే కలుస్తారు.

సామాన్యులకు ఇంత లెక్క అర్థం కాదన్నది మరో అభ్యంతరం. అర్థం కానిదేమీ లేదు. పక్కవాడు బీడీ కాలిస్తే పొగ మనదాకా ఎంత వస్తుందో ఊహించుకుంటే చాలు. ఆరుబయట పందిట్లో పెళ్లికీ, తలుపులు మూసిన ఏసీ ఫంక్షన్ హాల్లో పెళ్లికీ ముప్పు ఒకటి కాదని దానితోనే తెలుస్తుంది. ఇక ఊళ్లో వ్యాధి ఎంత ఉందన్నది రెండో ప్రశ్న. వెయ్యి మందిలో ఒకరు రోగి అయితే, 200 మంది చేరిన పెళ్లిలో కనీసం ఒక రోగి ఉండే అవకాశం సుమారు 18 శాతం. వందలో ఒకరైతే దాదాపు 87 శాతం. పెళ్లి అదే, అతిథుల సంఖ్య అదే, ముప్పు మాత్రం వేరు. పట్టికలో శాశ్వతంగా ముద్రించిన అంకె ఈ తేడాను చెప్పలేదు.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది: ఒకే గదిలో ఆరుగురుండే కుటుంబానికి, షేర్ ఆటోలో కిక్కిరిసి పనికెళ్లే మనిషికి ఎంపిక ఎక్కడుంది? నిజమే. కానీ పనుల జాబితా నేరాన్ని బయటికి వెళ్లినవారి మీదికే నెడుతుంది. గాలిని కొలిస్తే, ఆ చోటును నడిపేవారూ బాధ్యులవుతారు. మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడే ఇందుకు గుర్తు. ఆరుబయట అది పది లక్షల పాళ్లలో 420 ప్రాంతంలో ఉంటుంది. తరగతి గదిలో అది 1500 దాటితే పిల్లలు ఒకరు వదిలిన గాలినే మరొకరు పీల్చుతున్నారని అర్థం. చిన్న పరికరంతో తెలిసిపోయే సంగతి ఇది. ఫంక్షన్ హాళ్లు, కోచింగ్ సెంటర్లు, ఏసీ బస్సులకు అగ్నిమాపక నిబంధనల్లాగే గాలి నిబంధనలూ పెట్టి, తనిఖీ చేయడం ప్రభుత్వాల పని. స్థానికంగా వ్యాధి ఎంత ఉందో వారం వారం ప్రకటించడమూ వాటి పనే. ఈ రెండూ జరిగితే ఏ వేడుకకు వెళ్లాలో, దేన్ని మానుకోవాలో జనం స్వయంగా తేల్చుకోగలరు. అవి చేయకుండా జాగ్రత్తగా ఉండండని చెప్పడం బాధ్యతను పౌరుల నెత్తిన వేసి చేతులు దులుపుకోవడమే.